చెవికి కూలి ఎవరిస్తారు?

వెనక చక్రం బేరింగు పోయింది, మార్చేయండి అంటూ మా షెడ్డుకి వచ్చే కార్లలో చాలావాటికి బేరింగు నిక్షేపంగా ఉంటుంది. కొన్నిటికైతే అప్పటికే ఒకసారి మార్చేసి ఉంటారు. పాత బేరింగు డిక్కీలో డబ్బాలోనే ఉంటుంది. తీసి వేళ్ళ మధ్య తిప్పితే చప్పుడు లేకుండా మెత్తగా తిరుగుతుంది. బాగున్న సరుకు తీసి బాగున్న సరుకు వేశారన్నమాట. రొద మాత్రం ఎక్కడికీ పోలేదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ల మెకానిక్‌ని. లారీ బాడీలు కట్టేవాళ్ళు, స్ప్రింగు పట్టాలు సరిచేసేవాళ్ళు, రేడియేటరు వాళ్ళు, లేతు వాళ్ళు, వెల్డింగు వాళ్ళు, సీటు కవర్లు కుట్టేవాళ్ళు... బండికి సంబంధించి ఇక్కడ జరగని పని లేదు. ప్రతి పనికీ ఒక రేటుంది, బేరం ఉంది. ఒక్క పనికి మాత్రం రేటు లేదు. శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టే పనికి. అది ఊరికే చేసిపెట్టాలి. ఊరికే చేసే పని ఎలా ఉంటుందో అలాగే ఉంటోంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మొన్న వానాకాలంలో గుడివాడ వైపు నుంచి ఒక మాస్టారు, ఆయన భార్య చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో వచ్చారు. "మేస్త్రీ గారూ, వెనక రెండు వైపులా బేరింగులు కొత్తవి వేయించాను. అయినా యాభై దాటితే విమానం లేచినట్టు హోరు" అన్నారాయన. ఆవిడ అందుకుని, "ఆయనకి ముందు సీట్లో సరిగ్గా తెలియదండీ. వెనక కూర్చునేది నేను. నాకే తెలుస్తుంది" అన్నారు.

అప్పుడే సగం పని అయిపోయింది అనుకున్నాను. వెనక శబ్దం కనిపెట్టడానికి స్టీరింగు ముందు కూర్చున్నవాడికన్నా వెనక సీట్లోవాళ్ళే నయం. హ్యాచ్‌బ్యాక్‌కి డిక్కీ, లోపలి గది ఒకటే కాబట్టి వెనక పుట్టిన శబ్దం రేకులో, డోర్లలో, సీలింగులో ప్రతిధ్వనించి ముందు సీటుకి వచ్చేసరికి ఎటు నుంచి వచ్చిందో తెలియదు. ఎడమ పక్కది కుడి పక్కదిలా వినిపించడం మామూలే. ఓనరు ఎడమ అన్నాడని ఎడమదే విప్పడం మా వాళ్ళు చేసే మొదటి పొరపాటు.

ఆవిడని వెనకే కూర్చోమని, మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని బందరు రోడ్డు మీద కంకిపాడు దాకా తోలాను. అరవైలో క్లచ్చి తొక్కి న్యూట్రల్ చేశాను. ఇంజను ఊపిరి తగ్గింది, హోరు తగ్గలేదు. అంటే ఇంజనుకి సంబంధం లేదు, చక్రంతో తిరిగేదేదో అరుస్తోంది. ఖాళీ చూసుకుని బండిని మెల్లగా కుడికీ ఎడమకీ వంచాను. బండి ఎడమకి తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. కుడి బేరింగు పోతే అప్పుడు గొంతు పెంచుతుంది. ముందు చక్రాలకి ఈ తేడా బాగా తెలుస్తుంది, వెనక చక్రాలకి కొంచెం మందంగా తెలుస్తుంది. ఇక్కడ ఏ తేడా లేదు. ఇంతలో తారు రోడ్డు అయిపోయి సిమెంటు ముక్క వచ్చింది. నేనేమీ అనకముందే వెనక నుంచి ఆవిడ, "ఇదిగో, ఇప్పుడు శబ్దం వేరేగా ఉందండీ" అన్నారు.

బేరింగుకి రోడ్డు తారుదో సిమెంటుదో తెలియదు. తెలిసేది టైరుకి.

షెడ్డుకొచ్చి వెనక టైరు మీద అరచెయ్యి ఆనించి రాశాను. ఒకవైపుకి రాస్తే నున్నగా ఉంది. వెనక్కి రాస్తే ట్రెడ్డు బ్లాకుల అంచులు ఒక్కొక్కటీ చేతికి తగిలాయి. కొన్నప్పటి నుంచి ఆ టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చిన పాపాన పోలేదు. ఇంజను తిప్పని వెనక చక్రాలకి ఇలా మార్చకుండా వదిలేస్తే ఈ అరుగుదల వస్తుంది. అరిగిన అంచులు రోడ్డుని కొడుతుంటే వచ్చే హోరు బేరింగు హోరుకి కవల పిల్ల. అనుమానం తీరడానికి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి వేసి మళ్ళీ తోలాను. "ఇప్పుడు మీ కాళ్ళ దగ్గరికొచ్చింది" అన్నారావిడ. కేసు తేలిపోయింది.

అసలు సంగతి ఇక్కడుంది. మాస్టారు ఎంతివ్వమంటారని అడిగితే మూడొందలు అన్నాను. "ఏమీ మార్చలేదు కదండీ, చూసినందుకే మూడొందలా?" అన్నారు. అవసరం లేని రెండు బేరింగులకి, వాటి కూలికీ కలిపి అయిదు వేల చిల్లర బేరమాడకుండా ఇచ్చొచ్చిన మనిషి ఆయన. చెడ్డవాడేం కాదు. అక్కడ ఆయనకి చేతిలో పెట్టడానికి ఒక డబ్బా ఉంది, డబ్బా మీద కంపెనీ పేరుంది, లోపల జిగేలుమనే ఇనప సరుకుంది. నా దగ్గర ఏమీ లేదు. ఒక మాట ఉంది, అంతే.

ఇదే మనిషి టైరు షాపుకెళ్ళి అలైన్‌మెంటుకి మారుమాట్లాడకుండా డబ్బిస్తాడు. ఎందుకంటే అక్కడ తెర మీద ఎర్ర గీతలు పచ్చగా మారడం కనిపిస్తుంది. స్కానర్ తగిలించి కోడు చదివితే ఇస్తాడు. అంకె కనిపించింది కాబట్టి. వెనక చక్రం బేరింగు అరుపుకి మాత్రం ఏ స్కానరూ కోడు చూపించదు. అక్కడ పనికొచ్చేవి చెవి, చెయ్యి, అరగంట రోడ్డు. వాటికి తెర లేదు. కాబట్టి రేటు లేదు.

రేటు లేని పని చేసే మెకానిక్కు ఏం చేస్తాడు? అతనికీ షెడ్డు అద్దె ఉంది, కుర్రాళ్ళ జీతాలున్నాయి. అరగంట తిరిగి "బేరింగు బాగుందండీ, టైర్లు మార్చుకోండి" అంటే ఆ రోజుకి ఖాళీ చెయ్యి. "బేరింగే" అంటే సరుకు మీద కొంత, బిగించినందుకు కొంత. పదిమందిలో తొమ్మిదిమంది దొంగలని నేననను. చూడ్డానికి కూలి లేదు, మార్చడానికే కూలి ఉంది అన్నప్పుడు నిజాయితీపరుడి చెయ్యి కూడా స్పానరు వైపే పోతుంది. పెద్ద సర్వీసు సెంటర్లలోనూ ఇంతే. అక్కడ శబ్దం వినేది ఒకరు, ఎస్టిమేటు వేసేది ఇంకొకరు, బిగించేది మూడోవాడు. విన్నవాడికీ విప్పినవాడికీ మధ్య ఒక కాగితం తప్ప ఏమీ ఉండదు.

బేరింగు నిజంగా పోయినప్పుడు దాన్ని పట్టుకునే పద్ధతి ఎంత సులువో చెబితే, ఇంత గొడవ ఎందుకనిపిస్తుంది. బండి జాకీ మీద లేపి స్టాండ్లు పెట్టాలి. ముందు చక్రాలకి అడ్డు పెట్టి హ్యాండ్ బ్రేకు వదిలేయాలి. ఒక చేత్తో వెనక చక్రాన్ని తిప్పుతూ రెండో చేతి మూడు వేళ్ళు కాయిల్ స్ప్రింగు మీద ఊరికే ఆనించాలి, నొక్కకూడదు. బాగున్న బేరింగైతే స్ప్రింగు నిద్రపోతుంది. పోయినదైతే వేళ్ళ కింద సన్నగా గరగరమంటుంది. షెడ్డు గోలలో చెవికి వినపడని అరుపు కూడా వేళ్ళకి తెలిసిపోతుంది. బ్రేకు లైనర్లు డ్రమ్ముకి తగిలితే అది వేరు: చుట్టుకొకసారి సర్రుమని ఆగుతుంది, మళ్ళీ సర్రుమంటుంది. బేరింగు గరగర ఆగదు.

చాలామంది చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి, "ప్లే లేదు, బేరింగు బాగుంది" అని తేల్చేస్తారు. ప్లే, అంటే వదులు, ఉంటే ఖాయంగా అనుమానించాల్సిందే. కానీ హోరు పెట్టే బేరింగుల్లో చాలావాటికి ప్లే ఉండదు. ప్లే వచ్చేదాకా ఆగడమంటే ప్రమాదం వచ్చేదాకా ఆగడమే.

ఆ హోరు ఎందుకొస్తుందో కాస్త లెక్కేసి చూడండి. అరవైలో పోతున్న చిన్న కారు చక్రం సెకనుకి సుమారు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. బేరింగు ఉక్కులో కార్బన్ ఒక శాతం, క్రోమియం ఒకటిన్నర శాతం దాకా కలిపి, కాల్చి గట్టిపరుస్తారు. ఆకురాయి కూడా దాన్ని గీరలేదు. అంత గట్టి రింగు లోపల ఆవగింజంత పెచ్చు లేచిందనుకోండి. డజను బాల్స్ ఉన్న బేరింగులో సెకనుకి నలభై యాభై సార్లు ఏదో ఒక బాల్ ఆ గుంటలో పడి లేస్తుంది. అన్ని దెబ్బలు విడివిడిగా చెవికి అందవు. కలిసిపోయి ఊఁ మని మోగుతాయి. స్పీడు పెరిగితే దెబ్బలు పెరిగి గొంతు సన్నబడుతుంది. గేరుతో, ఏసీతో, బ్రేకుతో దానికి పని లేదు. అది స్పీడు మాట ఒక్కటే వింటుంది.

ఇక ఆ పెచ్చు ఎందుకు లేస్తుందన్నది. మా ఊళ్ళో ఈ ప్రశ్నకి 2024 సెప్టెంబరు తర్వాత ఎక్కువగా ఒకటే జవాబు: బుడమేరు వరద. సింగ్‌నగర్ వైపు ఇళ్ళ ముందు ఆపిన కార్లు రోజుల తరబడి నీళ్ళలో నిలబడ్డాయి. ఇన్సూరెన్సు వాళ్ళు ఇంజను చూశారు, సీట్లు చూశారు, వైరింగు చూశారు. వెనక డ్రమ్ములు ఎవరూ విప్పలేదు. బేరింగు సీలు చేసింది చిమ్మే నీళ్ళని ఆపడానికి, నిలవ నీళ్ళలో కూర్చోవడానికి కాదు. నెలలు గడిచాక అవే బళ్ళు హోరుతో వచ్చాయి. ఒకటి విప్పి చూపిస్తే తెలుస్తుంది: గ్రీజు తెల్లగా విరిగిపోయి, రింగు లోపల బాల్‌కీ బాల్‌కీ మధ్య ఎంత ఎడం ఉంటుందో సరిగ్గా అంత ఎడంలో వరసగా తుప్పు మచ్చలు. బండి ఏ భంగిమలో మునిగిందో ఆ భంగిమ అక్కడ అచ్చు పడి ఉంటుంది. అప్పటికి క్లెయిము ఫైలు మూసేసి ఉంటుంది. మునిగిన బండికి నాలుగు చక్రాల బేరింగులూ విప్పి చూడాలని సర్వేయరు కాగితంలోనే ఒక వరస ఉండాలని నా గట్టి అభిప్రాయం.

వరద రాకపోయినా వాటర్ సర్వీసులో ప్రెషర్ గన్ను హబ్బు మీదకే గురిపెట్టి కడిగించుకునేవాళ్ళున్నారు. దయచేసి వద్దు.

బరువు సంగతి ఇంకా కఠినం. బాల్ బేరింగు ఆయుష్షు బరువుకి ఘనం చొప్పున తరుగుతుంది. వెనక చక్రం మీద బరువు రెండింతలైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతు. ఒకటిన్నర రెట్లైనా మూడో వంతుకి రాదు. అయిదుగురి బండిలో ఎనిమిదిమంది ఎక్కి, డిక్కీ మూత పడక తాడు కట్టుకుని తిరుపతి వెళ్ళొచ్చిన బండి ఏ లెక్కలో ఉందో మీరే చూసుకోండి. దానికి తోడు స్పీడు బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అలాంటిది మీ వీధిలో ఉంటే నాకు చూపించండి, వచ్చి దండం పెట్టి వెళ్తాను. మన వీధుల్లో ఉన్నవి రాత్రికి రాత్రి పోసిన సిమెంటు గట్లు.

మార్చడం గురించి చెప్పకపోతే నా వృత్తికి న్యాయం జరగదు. ఎందుకంటే సరిగ్గా కనిపెట్టి కూడా బిగించేటప్పుడు చంపేసిన బేరింగులు లెక్కలేనన్ని. పాత మారుతి 800, ఆల్టో లాంటి బళ్ళకి వెనక డ్రమ్ములోనే రెండు బేరింగులు, మధ్యలో ఒక స్పేసర్ ఉంటాయి. పాతవి సమ్మెటతో కొట్టి తీసినా ఫరవాలేదు, ఎలాగూ పారేసేవే. కొత్తది డ్రమ్ములోకి దించేటప్పుడు మాత్రం ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. మనవాళ్ళు చేతికందిన బాక్స్ స్పానరు లోపలి రింగు మీద పెట్టి సుత్తితో నాలుగు వాయిస్తారు. ఆ దెబ్బ బాల్స్ గుండా పోయి రింగు మీద గుంటలు చేస్తుంది. 1900లో స్వీడన్ ఇంజనీరు యోహన్ అగస్ట్ బ్రినెల్ లోహం గట్టిదనం తేల్చడానికి ఉక్కు గుండుని దాని మీద నొక్కి పడిన గుంట కొలిచే పద్ధతి కనిపెట్టాడు. మా పేటలో కొన్ని షెడ్లలో అదే పరీక్ష కొత్త బేరింగు మీద రోజూ జరుగుతోంది. కొలవరు, అంతే. రెండు నెలలకి బండి మళ్ళీ హోరుమంటూ వస్తుంది. "లోకల్ మాలు సార్, అందుకే పోయింది" అని నెపం సరుకు మీదకి నెడతారు. నాలుగడుగులు వేస్తే లేతు షాపులో ప్రెస్ ఉంది, నూటయాభై పారేస్తే దించి ఇస్తారు. ఆ నూటయాభై ఓనరు దగ్గర అడగడానికి మొహమాటపడి సుత్తి ఎత్తుతారు.

స్పేసర్ వెయ్యడం మరిచి నట్టు బిగిస్తే రెండు బేరింగులూ పక్కవాటు ఒత్తిడికి కాలిపోతాయి. ఇది కూడా చూశాను. ఇరుసు నట్టు అంచు ఒకసారి లోపలికి కొట్టి లాక్ చేసేదైతే మళ్ళీ అదే వాడకూడదు, కొత్తది వెయ్యాలి. దాన్ని గన్నుతో కాదు, టార్క్ రెంచితో ఆ బండి మాన్యువల్‌లో ఉన్నంతే బిగించాలి.

2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయ్యాక ఇంకో తంటా వచ్చింది. ఇప్పటి బేరింగుల్లో చాలావాటికి ఒక పక్క సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. చూడ్డానికి రెండు పక్కలా మామూలు రబ్బరు సీలే. సెన్సర్ దాన్ని చదివి చక్రం ఎంత వేగంతో తిరుగుతోందో తెలుసుకుంటుంది. తిరగేసి దించితే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్ళీ ప్రెస్ మీదకెక్కించి తియ్యాలి, తీసేటప్పుడు కొత్తది కాస్తా పోతుంది. బోల్టులు, నట్లు పారిపోకుండా మేం వాడే మాగ్నెట్ ట్రేలో ఈ బేరింగు పెట్టినా ఆ పట్టీ పాడవుతుంది. మా షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడికి నేను మొదట నేర్పేది ట్రే దూరంగా పెట్టడం. నాలుగు బోల్టులతో హబ్బుతో సహా వచ్చే యూనిట్లు ఉన్న బళ్ళకి ఈ సుత్తి బాధ లేదు. సరుకు ఖరీదెక్కువైనా నాకు అవే ఇష్టం.

ఒకవైపు పోతే రెండు వైపులా మార్చాలా అని అడుగుతారు. అక్కర్లేదు. లైనర్లు జతగా మార్చాలి, బేరింగు జతగా మార్చనక్కర్లేదు. రెండో పక్క వేళ్ళు ఆనించి చూస్తే చాలు. సరుకు మాత్రం బిల్లుతో కొనండి. పేరున్న కంపెనీల డబ్బాలు అచ్చు గుద్దినట్టు దిగుతున్నాయి. కొన్ని కంపెనీలు అసలో నకిలీయో తేల్చుకోవడానికి ఫోన్ యాప్ కూడా పెట్టాయి, వాడండి.

ఇప్పుడు నా షెడ్డు గోడ మీద ఒక బోర్డు ఉంది: శబ్దం చూసినందుకు మూడొందలు. ఆ డబ్బుకి ఒక చీటీ రాసిస్తాను. ఏ స్పీడులో మొదలవుతోంది, న్యూట్రల్‌లో ఉందా లేదా, రోడ్డు మారితే మారిందా, స్ప్రింగు మీద ఏ వైపు తెలిసింది, ఏది అనుమానం, ఏది కాదు. ఆ చీటీ పట్టుకుని పక్క షెడ్డుకెళ్ళి పని చేయించుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఏ షెడ్డులో మార్పించుకున్నా పాత బేరింగు అడిగి తీసుకుని, వేళ్ళతో తిప్పి చూసుకోమని మాత్రం చెబుతాను. అది గరగరమనకపోతే బిల్లు కట్టేముందు నిలదీసే హక్కు మీకుంది. బోర్డు చూసి వెనక్కి తిరిగిపోయినవాళ్ళూ ఉన్నారు, కాదనను. సర్వీసు సెంటర్లు కూడా రేట్ల పట్టికలో ఈ పని ఒక వరసగా చేర్చి, విన్నవాడి సంతకంతో కాగితం ఇవ్వాలి. మోటార్ మెకానిక్ ట్రేడు నేర్పే ఐటీఐల్లో పోయిన బేరింగులు నాలుగు బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని తిప్పి చెప్పమనే పరీక్ష ఒకటి ఉండాలి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు, ఆటోనగర్‌లో ఎవర్నడిగినా గంపెడు ఇస్తారు.

పక్క షెడ్డు మేస్త్రి బోర్డు చూసి ఒక సలహా ఇచ్చాడు: "అన్నా, పని మన దగ్గరే చేయించుకుంటే ఆ మూడొందలూ బిల్లులో తగ్గించు, జనం తిట్టుకోరు." తగ్గించనన్నాను. తగ్గిస్తే చూసిన పనికి విలువ లేదని నేనే ఒప్పుకున్నట్టు. పైగా బేరింగు బాగుందని చెప్పినా, "ఎలాగూ మూడొందలు తగ్గుతాయిగా, పనిలో పనిగా మార్చేయండి" అని ఓనరే అంటాడు.